టీచరమ్మ వంటిల్లు: నీళ్లు వచ్చే దారి చూసి చెక్క, పాలిష్ ఎంచుకున్న ఒక కేస్ స్టడీ

సింక్ కింద తలుపు తీసి లోపల చెయ్యి పెట్టంగానే అడుగు పలక ముద్దగా నా చేతికి వచ్చేసింది. పార్టికిల్ బోర్డు అది, చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసే పలక, పైన తెల్ల లామినేట్ చెక్కు చెదరకుండా ఉంది, లోపల మాత్రం నానేసిన అటుకుల మాదిరి ఉబ్బిపోయి గోటితో గీకితే పొడిపొడిగా రాలతా ఉంది. టీచరమ్మ నా వెనకాలే నిలబడి "ఆచారీ, పైకి బాగానే ఉండాది కదా, తలుపులు మటుకు మార్చి ఇచ్చేయ్ నాయనా" అనింది. కుదరదమ్మా, తలుపుని మొయ్యాల్సింది ఈ పెట్టె, పెట్టెకే బలం లేకపోతే కొత్త తలుపు యాడ నిలబడతాది అని చెప్పి, కీలు దగ్గర స్క్రూ ఒకటి తిప్పి చూపించినా. తిప్పే కొద్దీ తిరగతానే ఉంది గానీ బిగుసుకోలా.

ఇల్లు తిరుపతిలో లక్ష్మీపురం సర్కిల్ నుంచి కొంచెం లోపలికి, రోడ్డు కంటే పల్లంలో ఉండే వీధి, గ్రౌండ్ ఫ్లోర్. 2021 నవంబర్ వానలు తిరుపతిలో ఉన్నోళ్లెవరూ మర్చిపోరు, కొండ మీద పడిన నీళ్లన్నీ కపిలతీర్థం దగ్గర ఉరికి ఊళ్లోకొచ్చి వీధులు వాగులైపోయినాయి కదా. వీళ్ల వంటింట్లో మోకాలి కింద దాకా నీళ్లు రెండు రోజులు నిలబడినాయంట. అప్పటికి మూడేళ్ల ముందు పెట్టించుకున్న మాడ్యులర్ కిచెన్ అది. నీళ్లు పోయినాక కడిగి, ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టి ఇంకో సంవత్సరం పైన అట్లే నెట్టుకొచ్చినారు. నన్ను పిలిచింది 2023 సంక్రాంతి అయిపోయినాక.

నేను వడ్రంగిని, నాకు ఫోన్ చేసే వాళ్లలో పదిమందిలో తొమ్మిది మంది అడిగే మొదటి మాట "అన్నా, కిచెన్‌కి ఏ చెక్క మంచిది?" అని. ఈ ఇంటి పని మొత్తం వివరంగా రాయడానికి కారణం అదే, ఎందుకంటే చెక్క ఏదనేది రెండో మాట, మీ వంటింట్లోకి నీళ్లు ఏ దారిన వస్తాయి, వచ్చినవి ఎంతసేపు నిలబడతాయి అనేది మొదటి మాట. ఇది నేను ఎంత చెప్పినా నోటి మాటతో ఎక్కదు, ఒక వంటిల్లు మొదటి నుంచి చివరిదాకా చూపిస్తేనే అర్థమవతాది.

మొదటి రోజు నేను టేప్ బయటికి తీయలా. అమ్మా, మీరు వంట చేసుకుంటా ఉండండి, నేను ఒక మూల కూర్చుంటా అని చెప్పి పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా చూస్తా కూర్చున్నా. జేబులో రెండు రంగుల సుద్దముక్కలు పెట్టుకున్నా, తడి తగిలే చోట నీలం, వేడి తగిలే చోట ఎరుపు. కుక్కర్ విజిల్ వేసినప్పుడల్లా ఆవిరి నేరుగా పోయి పై అల్మరా అడుగు అంచుకి కొడతా ఉంది, అక్కడ లామినేట్ అప్పటికే పెదవి విప్పినట్టు లేచి ఉంది, అక్కడ ఎరుపూ నీలమూ రెండూ గీసినా. బియ్యం కడిగిన చేత్తోనే పక్క డ్రాయర్ లాగింది టీచరమ్మ, దాని పై అంచుకి నీలం. తిరగవాత వేసేటప్పుడు నూనె చిటపటలు పొయ్యికి కుడిపక్క తలుపు మీద పడినాయి, అక్కడ ఎరుపు. అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజు శుక్రవారం. వంట అయిపోయినాక ఆమె చెంబుతో నీళ్లు తీసి గట్టంతా పోసి కడిగింది, ఆ నీళ్లు గట్టు అంచు నుంచి తలుపుల మీదుగా కారి కింద నేల మీద పడినాయి, ఆ తర్వాత నేల కూడా బకెట్ నీళ్లు పోసి చీపురుతో కడిగింది. మన ఇళ్లల్లో వంటిల్లు తుడవరు, కడుగుతారు. కేటలాగ్‌లో ఉండే కిచెన్ తుడిచే వాళ్ల కోసం చేసింది, దాని కాళ్లూ అంచులూ వారానికోసారి స్నానం చేయించడానికి చేసినవి కావు. వరద వచ్చింది ఒకసారి, శుక్రవారం మాత్రం ఏడాదికి యాభై రెండు సార్లు వస్తాది, కాబట్టి వరదనీ శుక్రవారాన్నీ రెండిటినీ లెక్కలో పెట్టుకోవాలి అని నోట్‌బుక్‌లో రాసుకున్నా.

ఇంట్లో ముగ్గురికి మూడు కోరికలు. బెంగళూరులో ఉండే అబ్బాయి ఫోన్‌లో ఫొటోలు పంపించినాడు, అద్దం మాదిరి మెరిసే తెల్ల గ్లాసీ పాలిష్, హ్యాండిల్స్ లేకుండా. టీచరమ్మ భర్త, సార్ది ఒకటే మాట, ఖర్చు మూడు లక్షలు దాటకూడదు. టీచరమ్మకి మాత్రం అంతా టేకే కావాల, లోపలి పెట్టెలూ తలుపులూ అరలూ అన్నీ, ప్లైవుడ్ అనే మాట ఎత్తితేనే ముఖం మాడ్చుకునేది. ఒకసారి బోర్డుతో మోసపోయినాం, మళ్లీ బోర్డా అని ఆమె బాధ. అందులో న్యాయం ఉంది, నేను తప్పు పట్టలా.

కానీ ఆమెకి నా మాట అర్థమైంది నేను చెప్పినప్పుడు కాదు, ఆమె ఇంట్లోనే ఉన్న పెట్టెని చూపించినప్పుడు. పడకగదిలో వాళ్లమ్మగారు ఇచ్చిన పాత టేకు పెట్టె ఒకటి ఉంది, ఇత్తడి పట్టీలతో, ఇద్దరు మనుషులు పట్టుకుంటేగానీ కదలదు, చేవదేలిన చెక్క, ఎన్నేళ్లదో ఆమెకే తెలియదు. దాని మూత మధ్యలో నిలువుగా ఒక చీలిక, రూపాయి బిళ్ల అంచు దూరేంత. ఇది ఎట్లా పగిలిందమ్మా అంటే ఎవరో ఏదో బరువు పడేసుంటారు అనింది. మూత ఎత్తి అడుగున చూపించినా, చీలికకి అడ్డంగా రెండు బద్దలు మేకులతో బిగించి ఉన్నాయి. చెక్క ఎండాకాలం అడ్డంలో కొంచెం కుంచించుకుంటాది, వానాకాలం కొంచెం సాగుతాది, పొడుగులో మాత్రం దాదాపు మారదు. అడ్డంగా మేకులు కొట్టిన బద్ద ఆ కదలికని ఆపేసింది, ఎండకి మూత దగ్గరికి రావాలని చూసింది, మేకులు రానీలా, దారి లేక మధ్యలో చీలిపోయింది. బరువు పడి కాదమ్మా, కదలడానికి చోటు లేక అన్నా. ఆమె చాలాసేపు ఆ చీలిక మీద వేలు పెట్టి అటూ ఇటూ రుద్దతా ఉండిపోయింది, తర్వాత "అయితే టేకు వద్దంటావా?" అనింది. వద్దనలేదమ్మా, టేకుకి కదిలే చోటు ఉన్న దగ్గర టేకు పెడదాం, కదలకూడని దగ్గర ప్లై పెడదాం, తడవకుండా ఉండలేని దగ్గర రెండూ వద్దు, బండ పెడదాం అన్నా. మా ఒప్పందం అక్కడ కుదిరింది.

ఈ కదలిక ఎంత ఉంటాదో లెక్క చెప్తా, చానామంది కార్పెంటర్లకి కూడా అంకెల్లో తెలియదు. టేకు తక్కువ కదిలే చెక్కల్లో ఒకటి, అయినా 14 అంగుళాల వెడల్పు పలకలో తేమ 5 శాతం మారితే, కోత పడిన తీరుని బట్టి అడ్డంలో ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్ల దాకా తేడా వస్తాది. మన తిరుపతిలో మే నెల ఎండకీ నవంబర్ వానకీ మధ్య ఇంత తేడా రావడం పెద్ద విశేషం కాదు. మూడు మిల్లీమీటర్లంటే తలుపు ఒరుసుకోవడానికో, మూల జాయింట్ విడిపోవడానికో బాగా సరిపోతాది.

కింద పెట్టెల పని మొదట తేల్చినాం. గట్టు స్లాబు పాతదే, బాగానే ఉంది, దాని మీద నల్ల గ్రానైట్ కూడా బాగానే ఉంది, వాటి జోలికి పోలా. దాని కింద ఉన్న పార్టికిల్ బోర్డు పెట్టెలన్నీ పీకేసి, పాతకాలం ఇళ్లల్లో మాదిరి రెండు పక్కలా పాలిష్ పట్టిన కడప బండని నిలువు పార్టిషన్లుగా, అడ్డం అరలుగా పెట్టించినా. అబ్బాయి ఫోన్‌లో "అన్నా, కడప బండ అంటే మా నానమ్మ వంటింటి మాదిరి అయిపోతాదేమో" అన్నాడు. తలుపు మూసినాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు తమ్ముడూ, వరదొస్తే మాత్రం కడిగి ఆరబెట్టుకుంటే చాలు, మళ్లీ కిచెన్ కొనక్కర్లేదు అని చెప్పినా. నేల నుంచి ఆరు అంగుళాల ఎత్తు దాకా గ్రానైట్ పట్టీ కట్టించినా, చెక్క అనేది ఆ ఆరు అంగుళాల పైనే మొదలు. శుక్రవారం బకెట్ నీళ్లు ఆ పట్టీకి కొట్టుకుని వెనక్కి పోతాయి.

బండకి కీలు బిగించలేం కాబట్టి ప్రతి అరకీ ముందు టేకు చట్రం వస్తాది, బండకి రంధ్రం వేసి ప్లగ్గు పెట్టి స్క్రూతో బిగిస్తాం. ఇక్కడ చానామంది చేసే తప్పు ఒకటుంది. చట్రం బిగించేసి ఆ తర్వాత కనపడే వైపు మాత్రం పాలిష్ కొడతారు, బండకి ఆనుకునే వీపు పచ్చిగానే ఉంటాది. కడిగిన నీళ్లు బండకీ చెక్కకీ మధ్య సందులోకి పోయి అక్కడే నిలబడతాయి, చెక్క వీపు తాగతా ఉంటాది, ముందు వైపు తాగదు, ఏడాది తిరిగేసరికి చట్రం విల్లు మాదిరి వంగతాది. చట్రానికి ఆరు ముఖాలు. ఆరిటికీ సీలర్, అంటే చెక్క రంధ్రాలు మూసే అడుగు పూత, పట్టించి, కోసిన చివరలకి ఇంకో కోటు జాస్తి పట్టించి, అప్పుడు బిగించాల. చెక్క నీళ్లు తాగేది ఎక్కువ ఆ కోసిన చివర నుంచే, స్ట్రా పెట్టి తాగినట్టు తాగతాది.

పై అల్మరాలకి 18 ఎంఎం బీడబ్ల్యూపీ ప్లై, అంటే మరిగే నీళ్లకి కూడా తట్టుకునే రకం, తీసుకున్నాం, భారత ప్రమాణం ఐఎస్ 710 ముద్ర ఉన్నది. మెరైన్ ప్లై అని షాపులో చెప్పే ప్రతిదీ 710 కాదు. 710 అంటే ముక్కని 72 గంటలు నీళ్లల్లో మరిగించినా పొరలు విడిపోకూడదు, దానికి ఫినాల్ జిగురు వాడతారు, అంచు చూస్తే పొరల మధ్య గీతలు ముదురు గోధుమ రంగులో కనపడతాయి. ఐఎస్ 303 కింద వచ్చే ఎంఆర్ ప్లై, అంటే కొద్దిపాటి తేమకి మాత్రం తట్టుకునేది, బెడ్‌రూమ్ కప్‌బోర్డుకి సరిపోతాది, కుక్కర్ ఆవిరి కింద నిలబడదు. షీట్ మీద ఐఎస్ఐ గుర్తు కింద సీఎం/ఎల్ అని లైసెన్స్ నంబర్ ఉంటాది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఆ లైసెన్స్ ఎవరిదో, నడుస్తా ఉందో లేదో తెలిసిపోతాది. నేను అదీ చూస్తా, దాంతో పాటు ఒక మూల నుంచి రెండు అంగుళాల ముక్క కోసి పాత గిన్నెలో వేసి ఒక పగలంతా మా ఇంట్లో పొయ్యి మీద మరిగిస్తా. అది 72 గంటల పరీక్షతో సమానం కాదని తెలుసు, కానీ దొంగ సరుకు ఆ పగలు కూడా తట్టుకోదు, సాయంత్రానికి పుస్తకం మాదిరి విచ్చుకుంటాది. ఈ ఇంటికి మొదట తెచ్చిన షీట్లు అట్లే విచ్చుకున్నాయి, ముద్ర ఉంది, నంబర్ కూడా ఉంది, సరుకు మాత్రం కాదు. వెనక్కి పంపించి వేరే చోట తెచ్చుకున్నాం.

ఆ అల్మరాల అడుగు పలకకి, అంటే ఆవిరి కొట్టే చోట, లోపలా బయటా రెండు పక్కలా 1 ఎంఎం లామినేట్, అంచులకి 2 ఎంఎం పీవీసీ పట్టీ. ఒక పక్కే లామినేట్ అతికించి రెండో పక్క వదిలేస్తే పలక ఎటో ఒకవైపు వంగతాది, ప్లై ఎంత మంచిదైనా సరే. ఒక పక్క బిగించిన చొక్కా మాదిరి లాగతాది.

ఇంగ తలుపులు. ఇక్కడే టీచరమ్మ టేకు కోరిక తీరింది. రెండున్నర అంగుళాల వెడల్పు టేకు ఫ్రేము, దాని గాడిలో పలక. ఆ పలక గట్టి టేకు పెడితే కదిలే చోటు వదలాల, జిగురు పెట్టకూడదు, పైగా పలకకి ముందే పాలిష్ పూర్తి చేసి గాడిలో దించాల, లేకపోతే ఎండాకాలం పలక కుంచించుకున్నప్పుడు ఫ్రేము పక్కన పాలిష్ తగలని గీత తెల్లగా బయటపడతాది. నేను మొదట్లో ఒక ఇంట్లో ఈ తప్పు చేసినా, ఫ్రేము బిగించినాక పాలిష్ కొట్టినా, ఏప్రిల్‌లో పదహారు తలుపుల్లోనూ దారం మందాన తెల్ల గీతలు లేచినాయి, ఆ ఇంటాయన పిలిచి చూపించినప్పుడు నాకు మాట రాలా, అన్నీ ఊడదీసి మళ్లీ చేసిచ్చినా. ఈ ఇంట్లో వేరే దారి ఎంచుకున్నాం. 4 ఎంఎం టేకు ప్లై, అంటే పైన పల్చటి టేకు పొర ఉండే ప్లై, ముక్కలు రెండు వీపూ వీపూ అతికించి 8 ఎంఎం పలక చేసినాం, లోపల చూసినా టేకే, బయట చూసినా టేకే, రెండు పక్కలా ఒకే పొర కాబట్టి వంగదు, ప్లై కాబట్టి అడ్డంలో కదలదు. టీచరమ్మ రెండు పక్కలా తిప్పి చూసి, గోటితో కొట్టి చప్పుడు విని, సరే అనింది.

టేకు కొనడానికి ఆమెనీ డిపోకి తీసుకుపోయినా. డబ్బులిచ్చేవాళ్లు ఒకసారి చెక్కని కోయకముందు చూడాలని నా పట్టుదల. డిపోలో మొదట చూపించిన దుంగలు లావుగా, నున్నగా, చూడడానికి బ్రహ్మాండంగా ఉన్నాయి, దిగుమతి సరుకు, వయసు తక్కువ. చివర చూస్తే బయటి తెల్ల భాగమే రెండు అంగుళాల పైన ఉంది. ఆ తెలుపు చెక్కకే ముందు పుచ్చు పడతాది, చెదలు పట్టేదీ దానికే, టేకుకి ఉండే పేరంతా మధ్యలో ఉండే చేవ వల్ల వచ్చింది. అమ్మా, బరువు కాదు, ఈ రంగు మారే గీత యాడుందో చూడండి అని చూపించినా. ఆమె చివరికి ఎంచిన దుంగ వాటికంటే సన్నం, ఒక వైపు కొంచెం వంకర, కానీ చేవ అంచుదాకా ఉంది. కోత పోయినాక తెల్ల భాగం పక్కన పెట్టి లెక్కేస్తే ఆరు ఘనపుటడుగులు పనికొచ్చింది, అడుగు 4,200 పడింది.

కోయించి తెచ్చిన రోజు తేమ మీటర్ పెడితే 17 శాతం చూపించింది. ఆ రోజే పని మొదలుపెట్టమని సార్ తొందర. మేడ మీద రేకుల షెడ్డులో, పలకకీ పలకకీ మధ్య సన్న బద్దలు పెట్టి గాలాడేటట్టు పేర్చి, పైన బరువు పెట్టి, చివరలకి మైనం పూసి నాలుగు వారాలు వదిలేసినాం. నేరుగా ఎండ తగలనీయలా, ఎండకి పెడితే పైన ఆరి లోపల ఆరక చీలతాది. వారానికోసారి మీటర్ పెట్టి చివర మీద పెన్సిల్‌తో రాస్తా వచ్చినా. 17, 15, 13, 12, 11. అయిదో అంకె పడినాక చిత్రిక పట్టడం మొదలుపెట్టినాం. మన దగ్గర పెద్ద వానలు ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపలే కాబట్టి చెక్క పని జనవరిలో మొదలుపెట్టి మార్చికి ముగించడం నాకు అలవాటు, నవంబర్లో ఎవరు పిలిచినా కొలతలు తీసుకుని వస్తా గానీ చెక్క కోయను.

ఆ నాలుగు వారాలు ఊరికే పోలా, పాలిష్ సంగతి ఆ టైంలోనే తేల్చినాం. టేకు ముక్కలు నాలుగు, ఎండీఎఫ్ (చెక్క నారని అదిమి చేసే నున్నటి పలక) ముక్క ఒకటి తీసుకుని అయిదింటికీ అయిదు రకాలు పట్టించి టీచరమ్మ చేతికి ఇచ్చినా. ఒకటి చపడా లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్, ఒకటి నూనె పాలిష్, ఒకటి మెలమైన్, ఒకటి పీయూ సాటిన్ (తక్కువ మెరుపుండే పాలియురేథేన్ పూత), ఎండీఎఫ్ ముక్కకి అబ్బాయి అడిగిన తెల్ల పీయూ గ్లాసీ. అమ్మా, వీటిని పొయ్యి పక్కనే పెట్టుకోండి, వారం రోజులు వీటి మీదే గరిటెలు పెట్టండి, పసుపు పడనీయండి, చింతపండు పులుసు పడనీయండి, కడిగే రోజు వీటిని కూడా కడగండి, భయపడొద్దు అని చెప్పినా. ఆమె టీచర్ కదా, ప్రతి ముక్క వెనకాల తేదీ వేసి, ఏ రోజు ఏం పడిందో రాసి పెట్టింది, నేను ఇన్నేళ్లలో చూసిన రికార్డుల్లో అంత శ్రద్ధగా రాసింది ఇంకోటి లేదు.

వారం తర్వాత పోయి చూస్తే ఫ్రెంచ్ పాలిష్ ముక్క మీద రాగి సంగటి గిన్నె పెట్టినంత మేర గుండ్రంగా తెల్ల మచ్చ, వేడికీ తేమకీ లక్క తెల్లబడిపోయింది. చూడడానికి అన్నిటికంటే అందమైన మెరుపు దానిదే, హాల్లో బీరువాకి పెట్టుకోవచ్చు, వంటింటికి కాదు. నూనె పాలిష్ ముక్క చేత్తో తాకితే చెక్కే తాకినట్టుంటాది, కానీ పసుపు నీళ్లు లోపలికి దిగిపోయి ముక్కంతా మరకలు. మెలమైన్ బల్లపరుపు భాగంలో బాగా నిలబడింది, మరక పట్టలా, కానీ అది గట్టిది, పెళుసు. గరిటె తగిలిన అంచు దగ్గర వెంట్రుక మందాన చిట్లి, ఆ చిట్లిన దారిలో నీళ్లు దూరి తెల్లగా పొర లేచింది. పీయూ సాటిన్ ముక్కలో పసుపు లేత పచ్చగా నిలబడింది, తుడిస్తే పూర్తిగా పోలా, కిటికీ దగ్గర ఎండ తగిలే చోట మూడు రోజులు పెడితే అదే పోయింది. పసుపు రంగు ఎండకి నిలవదు, బట్టల మీద పసుపు మరకని మన ఆడవాళ్లు ఎండకేసి పోగొట్టేది అందుకే. తెల్ల గ్లాసీ ముక్కలో కూడా పసుపు పట్టింది, అదీ ఎండకి తగ్గింది, కానీ తెలుపు మీద ఆ మిగిలిన నీడ కూడా కనపడతా ఉంది, పైగా ఆ అద్దం మెరుపు మీద గిన్నెలు తోమే పీచు గీతలు నిలువునా తేలినాయి. టీచరమ్మ ఆ ముక్కల ఫొటోలు తీసి కొడుక్కి పంపించింది, నేను ఒక్క మాట మాట్లాడకుండానే ఆ అబ్బాయే ఫోన్ చేసి "అన్నా, టేకు రంగులోనే సాటిన్ వేసేయండి" అన్నాడు.

పీయూ వేయడంలో మాత్రం నా వైపు నుంచి ఒక పొరపాటు జరిగింది, అది కూడా రాయాల. ముందు జరగాల్సింది సరిగ్గానే జరిగింది, 120 నుంచి 320 దాకా ఇసుక కాగితం పట్టినాం, టేకులో సహజంగా నూనె ఉంటాది కాబట్టి సీలర్‌కి ముందు థిన్నర్ గుడ్డతో తుడిచినాం, లేకపోతే సీలర్ పట్టు దొరకదు. సీలర్ రెండు కోట్లు, మధ్యలో మళ్లీ కాగితం. పై కోటు కొట్టిన రోజు పొద్దున్నే మొదలుపెట్టినాం, మధ్యాహ్నానికి చూస్తే మూడు తలుపుల మీద ఆవగింజంత బుడగలు, సెనగల మూకుడు పొంగినట్టు అంతటా. కంప్రెసర్ పైపులో రాత్రి చేరిన నీళ్లు. పీయూ గట్టిపడేది హార్డెనర్ వల్ల, ఆ హార్డెనర్‌కి నీళ్లు తగిలితే గ్యాస్ పుట్టి బుడగలు వస్తాయి. ట్యాంకు అడుగున నీళ్లు వదిలే మర తిప్పి చూస్తే గ్లాసు నీళ్లు వచ్చినాయి. రోజూ తిప్పాల్సిన మర, ఆ పొద్దున ఎవరం తిప్పలా, చూసుకోవాల్సింది నేను. మూడు తలుపులూ పై కోటు మొత్తం గీకి మళ్లీ కొట్టినాం, నాలుగు రోజులు పోయినాయి, ఆ ఖర్చు వాళ్ల మీద వేయలా. అప్పటి నుంచి స్ప్రే గన్నుకి ముందు నీటిని ఆపే ఫిల్టర్ లేకుండా పీయూ ముట్టుకోవడం లేదు.

చిన్న సంగతులు రెండు. పూజ అరకి చెక్కిన తలుపు కావాలని అడిగింది, ఏర్పేడు దగ్గర మాధవమాల పోయి అక్కడి పనివాళ్ల చేత శంఖం, చక్రం చెక్కించి తెచ్చుకున్నాం. వంటింటి తలుపులకి కూడా అంచున లతలు చెక్కించమంటే మాత్రం వద్దన్నా, ఆ గాళ్లలో నూనె జిడ్డు చేరితే ఏ బ్రష్షూ తీయలేదు. ఇంకోటి, సార్ ఒకరోజు మెల్లగా "హ్యాండిల్స్ ఎర్రచందనంతో చేయించొచ్చా, ఒకాయన ముక్కలు ఇస్తానన్నాడు" అన్నాడు. శేషాచలం పక్కన ఉండి ఆ మాట అడగొద్దు సార్, అటవీశాఖ కాగితం లేకుండా ఆ చెక్క ముక్క ఇంట్లో ఉంటే నేరం, నేను ముట్టను అని అక్కడే ఆపేసినా. స్టీల్ హ్యాండిల్స్ పెట్టినాం, కీళ్లు కూడా తొందరగా తుప్పు పట్టని 304 రకం స్టీలువే.

మొత్తం ఖర్చు 2,90,000 దగ్గర తేలింది. అందులో జాస్తి భాగం పీయూకీ కూలికీ పోయింది, అందరూ ఖరీదు అనుకునే టేకు పాతిక వేలే. అంతా గట్టి టేకుతో పెట్టెలతో సహా చేసుంటే చెక్కకే మూడు నాలుగింతలు అయ్యేది, పైగా ఆ పెట్టెలు ఎండకీ వానకీ లోపల్లోపలే లాక్కుంటా ఉండేవి.

2023 డిసెంబర్ మొదట్లో మిచౌంగ్ తుఫాను వానలు తగ్గిన నాలుగో రోజు మీటర్ పట్టుకుని పోయినా, పిలవలా వాళ్లు, నాకే ఉండబట్టలా. నీళ్లు వాకిలి మెట్టు దాకా వచ్చి ఆగినాయంట. టేకు ఫ్రేములు 14 చూపించినాయి, మేం పని చేసింది 11 దగ్గర. పలకలు కదలలా, తలుపులు ఒకటి తప్ప అన్నీ మెత్తగా మూసుకుంటా ఉన్నాయి. పొయ్యి పక్క డ్రాయర్ ముఖం మాత్రం చట్రానికి ఒరుసుకుంటా ఉంది. చిత్రిక పట్టెయ్యి నాయనా అనింది టీచరమ్మ. వానల్లో బిగుసుకున్న దాన్ని వానల్లో చిత్రిక పట్టకూడదమ్మా, ఎండాకాలానికి సందు పడతాది, మార్చి దాకా ఓపిక పట్టండి అని చెప్పి వదిలేసి వచ్చినా. మార్చిలో పోయి చూస్తే డ్రాయర్ వేలితో లాగితే వచ్చేస్తా ఉంది.

అదే రోజు సింక్ తలుపు పై అంచు మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ చూసినా. బండ బాగుంది, పట్టీ బాగుంది, పైపు కారడం లేదు, యాడ్నించి వచ్చిందో అర్థం కాక నిలబడి చూస్తా ఉంటే, టీచరమ్మ గట్టు తుడిచిన తడిగుడ్డ పిండి అలవాటుగా ఆ తలుపు మీద ఆరేసింది. మొదటి రోజు రెండున్నర గంటలు కూర్చుని నీలం సుద్ద గీసినప్పుడు నేను చూడని దారి అది, ఆ పొద్దున గుడ్డ బయట దండెం మీద ఉండింది. తలుపు ఊడదీసి షెడ్డుకి తీసుకుపోయి అంచు గీకి రెండు కోట్లు కొట్టి తెచ్చి బిగించినా, సింక్ పక్క గోడకి గుడ్డ కోసం ఒక స్టీల్ కడ్డీ కూడా పెట్టి వచ్చినా. కొలతలు తీసుకునే నా నోట్‌బుక్‌లో ఇప్పుడు కొళాయి, కుక్కర్, శుక్రవారం తర్వాత నాలుగో లైను, తడిగుడ్డ యాడ ఆరేస్తారు అని.